యంత్రానికి సెక్షన్, మనిషికి స్కీము

జీఎస్టీ వచ్చిన 2017 జూలై నుంచి 2020 మార్చి ఆఖరు దాకా మన దేశంలో అగ్గిపెట్టెకు రెండు పన్ను రేట్లు ఉండేవి. చేత్తో చేసిన అగ్గిపుల్లలైతే 5 శాతం, యంత్రం మీద చేసినవైతే 18 శాతం. పుల్ల ఒకటే, మందు ఒకటే, మంటా ఒకటే. చేసింది చెయ్యా, యంత్రమా అన్నదొక్కటే తేడా. 2020 మార్చి 14న జరిగిన జీఎస్టీ మండలి 39వ సమావేశం ఆ తేడాను తీసేసి రెండింటికీ 12 శాతం ఖరారు చేసింది. రోబోల మీద పన్ను వేయాలా వద్దా అని పెద్ద దేశాలు సదస్సులు పెట్టి తర్జనభర్జన పడుతున్న కాలంలో, అలాంటి పన్నొకటి మన వంటింటి గూట్లో దాదాపు మూడేళ్లు కూర్చుని, ఎవరికీ చెప్పకుండా లేచి వెళ్లిపోయింది.

అది జీఎస్టీతో పుట్టిన తేడా కాదు. ఎక్సైజ్ సుంకం నాటి నుంచీ ఉన్నదే. ఒకవైపు 1923లో స్వీడన్ పెట్టుబడితో మొదలైన విమ్కో వంటి యంత్రాల కంపెనీ, మరోవైపు తమిళనాడులో శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి చుట్టూ వెలసిన చిన్న కార్ఖానాలు. చేతిపనికి సుంకం తక్కువ కాబట్టి ఆ చిన్న కార్ఖానాలు నిలబడ్డాయి, వానలు సరిగా పడని ఆ మెట్ట ప్రాంతంలో ఆడవాళ్లకు పని దొరికింది. అంతవరకు మంచిదే. కానీ సుంకం కాపాడింది చేతిని మాత్రమే. ఆ చెయ్యి ఎన్నేళ్లదో, దానికి ఎంత కూలి ముడుతుందో పన్ను చట్టం అడగలేదు. శివకాశి పేరు చెబితే దేశానికి పసిపిల్లల పనే గుర్తుకొచ్చే రోజులు వచ్చాయి. చివరికి 1996 డిసెంబరులో ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది.

చేనేత కథ ఇంకా పాతది, ఇంకా మెలికలున్నది. 1953లో పార్లమెంటు ఒక చట్టం చేసి మిల్లు బట్ట మీద గజానికి మూడు పైలు, అంటే పావు అణా, అదనపు సుంకం వేసింది. ఆ డబ్బు ఖద్దరుకూ చేనేతకూ ఖర్చుపెట్టాలన్నది ఉద్దేశం. యంత్రం దగ్గర వసూలుచేసి చేతికి ఇవ్వడం అన్నమాట. ఇవాళ రోబో పన్ను అడిగేవాళ్లు కోరుతున్నది సరిగ్గా ఇదే. మరి జరిగిందేమిటి? మిల్లు మీద పడిన బరువు వల్ల బాగుపడింది చేనేత కాదు, రెండింటికీ నడుమ ఉన్న మరమగ్గం. నాలుగు మగ్గాల లోపు ఉన్నవారికి ఎక్సైజ్ మినహాయింపు ఇస్తే, భార్య పేర నాలుగు, తమ్ముడి పేర నాలుగు, బావమరిది పేర నాలుగు వెలిశాయి. చేనేత కోసమని చిలప నూలుకు సుంకం తీసేస్తే, ఆ చిలపలు మరమగ్గాల షెడ్లకు దారి పట్టాయి. ఇప్పుడు దేశంలో నేసే బట్టలో సింహభాగం మరమగ్గాలదే. పోనీ సిరిసిల్ల మరమగ్గాల కార్మికుడైనా సుఖపడ్డాడా అంటే, ఆ ఊరి ఆత్మహత్యల చరిత్ర తెలిసినవారికి జవాబు చెప్పనక్కర్లేదు.

ఈ రెండు కథలూ ముందు చెప్పడానికి కారణం ఉంది. యాంత్రీకరణ, ఉద్యోగాలు, పన్నులు అనగానే మన చర్చ నేరుగా అమెరికా వెళ్లిపోతుంది. 2017 ఫిబ్రవరిలో బిల్ గేట్స్ ఒక ఇంటర్వ్యూలో, మనిషి పని రోబో చేస్తే ఆ మనిషి కట్టే పన్నుకు సమానంగా రోబో దగ్గరా వసూలు చేయాలన్నారు. అదే నెలలో యూరోపియన్ పార్లమెంటు అలాంటి ప్రతిపాదనను తోసిపుచ్చింది. ఆ ఏడాదే దక్షిణ కొరియా యాంత్రీకరణ పెట్టుబడులపై ఇస్తున్న పన్ను రాయితీలో రెండు శాతం పాయింట్ల దాకా కోత పెడతానంది. ప్రపంచ పత్రికలు దానికి 'తొలి రోబో పన్ను' అని పేరుపెట్టాయి. నిజానికి అది పన్ను కాదు, కానుకలో చిన్న కోత. అంతర్జాతీయ రోబోటిక్స్ సమాఖ్య లెక్కల ప్రకారం 2023లో కొరియా కర్మాగారాల్లో ప్రతి పదివేల మంది ఉద్యోగులకు 1,012 రోబోలున్నాయి. ప్రపంచ సగటు 162. ఆ కోత వల్ల అక్కడ రోబోలేమీ ఆగలేదు.

రోబో పన్నుతో చిక్కు ఎక్కడంటే, చట్టం ముందుగా రోబో అంటే ఏమిటో చెప్పాలి. చెప్పిన మరుక్షణం ఆ నిర్వచనానికి అంగుళం ఇవతల ఆగిపోయే యంత్రం తయారవుతుంది. నాలుగు మగ్గాల లెక్క మనకు నేర్పిన పాఠం ఇదే. ఇక కృత్రిమ మేధ విషయంలో నిర్వచించడానికి ఎదురుగా యంత్రం కూడా ఉండదు. అందుచేత రోబో పన్ను గురించిన చర్చను నేను అంత సీరియస్‌గా తీసుకోను. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఇప్పుడున్న పన్ను చట్టం యంత్రం వైపు ఎంత మొగ్గింది, మనిషి వైపు ఎంత మొగ్గింది?

అమెరికాకు సంబంధించి ఈ లెక్క తీసినవారు డారన్ అసిమోగ్లు, ఆండ్రియా మనేరా, పాస్కల్ రెస్ట్రెపో. 2020లో వెలువడిన వారి పరిశోధన ప్రకారం అక్కడ శ్రమ మీద పడే పన్ను భారం 25.5 నుంచి 33.5 శాతం దాకా ఉంటే, యంత్రాలూ సాఫ్ట్‌వేర్ మీద పెట్టే పెట్టుబడిపై అది 2010 దశకంలో సుమారు 10 శాతం. 2017 పన్ను సంస్కరణ తర్వాత ఇంచుమించు 5 శాతానికి జారింది. యంత్రం కొన్న ఏడాదే దాని ఖరీదంతా ఖర్చుగా రాసుకునే వెసులుబాటును 2025 జూలైలో అమెరికా శాశ్వతం చేసింది కూడా. ఆ పరిశోధకుల వాదన యంత్రాలన్నిటికీ వ్యతిరేకం కాదు. ఒక యంత్రం మనిషికంటే ఎంతో మెరుగ్గా పనిచేస్తే సమాజానికి లాభమే. కానీ పన్ను రాయితీ వల్ల, మనిషికంటే ఏమంత మెరుగు కాని యంత్రం కూడా యజమానికి గిట్టుబాటవుతుంది. ఉద్యోగం పోతుంది, ఉత్పాదకత మాత్రం పెరగదు. బ్యాంకుకు ఫోన్ చేస్తే 'తెలుగు కోసం రెండు నొక్కండి' అని మొదలై, ఏడెనిమిది అంకెలు నొక్కించి, చివరికి మన పని జరగకుండానే కట్ అయ్యే గొంతు తెలుసు కదా. సరిగ్గా అలాంటిదే. మనిషిని తీసేశారు, పని మెరుగుపడలేదు. ఆ మిగులు మాత్రం ఎవరో జేబులో వేసుకున్నారు.

ఇక మన లెక్కకు వద్దాం. నెలకు 15 వేల రూపాయల మూలవేతనంతో ఒక మనిషిని పనిలో పెట్టుకున్న చిన్న ఫ్యాక్టరీ యజమాని కాగితం మీద ఏం కనిపిస్తుంది? పీఎఫ్ వాటా 12 శాతం, బీమా, నిర్వహణ ఖర్చులు కలిపి మరో 1 శాతం, ఈఎస్ఐ 3.25 శాతం, గ్రాట్యుటీ కోసం పక్కన పెట్టాల్సింది 4.81 శాతం. మొత్తం 21 శాతం పైచిలుకు, సుమారు 3,160 రూపాయలు. బోనస్ ఇందులో చేర్చలేదు. మరోవైపు కార్మికుడి జీతంలోంచి పీఎఫ్, ఈఎస్ఐ కింద 1,913 రూపాయలు కోత. అంటే యజమాని జేబు నుంచి 18,160 బయటికి వెళ్తే, కార్మికుడి చేతికి అందేది 13,087. మధ్యలో ఐదువేల పైన తేడా.

ఇదంతా పన్ను కాదు కదా, కార్మికుడి ముసలితనానికీ జబ్బుకూ దాచిన సొమ్మే కదా అంటారా? నిజమే. పీఎఫ్‌ను భారం అనడం నాకూ ఇష్టం లేదు. అది జీతంలో భాగమే. అయితే యజమాని ఆ కంటితో చూడడు. నెలనెలా చలానా కట్టాల్సిన ఖర్చుగానే చూస్తాడు. పదిమందికి చేరితే ఈఎస్ఐ, ఇరవైమందికి చేరితే పీఎఫ్ అన్నది చట్టం. ఏ ఆటోనగర్‌లోనైనా తొమ్మిది దగ్గరో పంతొమ్మిది దగ్గరో ఆగిపోయే హాజరు పట్టీలు ఎందుకుంటాయో అక్కడి ఆడిటర్లను అడిగితే నవ్వుతూ చెబుతారు. పెద్ద ఫ్యాక్టరీలదేమో మరో దారి, కాంట్రాక్టు కూలీలు. 2022-23 వార్షిక పరిశ్రమల సర్వేలో ఫ్యాక్టరీ కార్మికుల్లో కాంట్రాక్టు వాళ్ల వాటా 40 శాతం దాటింది. ఇక జీతం 15 వేలు దాటితే నెలకు 150, 20 వేలు దాటితే 200 రూపాయల వృత్తి పన్ను రెండు తెలుగు రాష్ట్రాలూ తలకింత చొప్పున వసూలు చేస్తున్నాయి. చిన్న మొత్తమే. కానీ పనిచేసే మనిషి తల మీద వేసే పన్ను అది. పనిచేసే యంత్రానికి అలాంటిది లేదు.

యంత్రం వైపు చూడండి. 1961 ఆదాయపు పన్ను చట్టంలో మామూలు యంత్రానికి ఏడాదికి 15 శాతం తరుగుదల. ఉత్పత్తి రంగంలో కొత్త యంత్రమైతే మొదటి ఏడాది మరో 20 శాతం అదనపు తరుగుదల. కంప్యూటర్లకూ సాఫ్ట్‌వేర్‌కూ 40 శాతం. 2017 ఏప్రిల్‌కు ముందు అది 60 ఉండేది. ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పుకోవాలి. జీతం ఇచ్చిన ఏడాదే మొత్తం ఖర్చుగా చూపించుకోవచ్చు. యంత్రం ఖరీదు అలా కాదు, ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా చూపించాలి. కాబట్టి తరుగుదల వేగం పెంచినంత మాత్రాన అన్యాయం జరిగినట్టు కాదు. యంత్రం ఖరీదును నూటికి నూరు మించి తగ్గించుకోనిస్తే మాత్రం అది తరుగుదల కాదు, కానుక.

అలాంటి కానుక అందుకున్నది మన రాష్ట్రాలే. 2014 పునర్విభజన చట్టం 94వ సెక్షన్ రెండు రాష్ట్రాలకూ పారిశ్రామిక పన్ను ప్రోత్సాహకాలు ఇస్తామంది. ఆ హామీ 2015 బడ్జెట్‌లో 32ఏడీ సెక్షన్‌గా వచ్చింది. బిహార్, పశ్చిమబెంగాల్ కూడా అందులో చేరాయి. మనకు సంబంధించినంత వరకు వెనుకబడిన ప్రాంతాలంటే రాయలసీమ నాలుగు జిల్లాలు, ఉత్తరాంధ్ర మూడు జిల్లాలు, హైదరాబాద్ మినహా నాటి తెలంగాణ జిల్లాలు. 2015 ఏప్రిల్ నుంచి 2020 మార్చి దాకా అక్కడ కొత్త ఫ్యాక్టరీ పెట్టి యంత్రాలు బిగిస్తే మామూలు 15 శాతం తరుగుదల, 20కి బదులు 35 శాతం అదనపు తరుగుదల, ఆపైన 15 శాతం పెట్టుబడి భత్యం. కోటి రూపాయల యంత్రానికి తొలి ఏడాదే 65 లక్షలు ఆదాయంలోంచి తగ్గించుకోవచ్చు. యంత్రం జీవితకాలంలో మొత్తం తగ్గింపు కోటీ 15 లక్షలు. కోటి ఖర్చుపెట్టి కోటీ 15 లక్షలు ఖర్చు చూపించడం.

దీనికి షరతు లేకపోలేదు. ఆ యంత్రాన్ని ఐదేళ్ల దాకా అమ్మకూడదు. అమ్మితే ఇచ్చిన భత్యం వెనక్కి తీసుకుంటారు. పనివాళ్లను తీసేయకూడదన్న షరతు మాత్రం లేదు. ఇంతమందిని పెట్టుకోవాలన్న షరతు కూడా లేదు. వలసలు ఆగాలని, పాలమూరు వాళ్లూ సిక్కోలు వాళ్లూ మూటాముల్లె సర్దుకుని దూరాభారం పోకూడదని తెచ్చిన రాయితీ అది. దాన్ని రాసినవారికి వెనుకబాటు అంటే మనుషులకు పని లేకపోవడంగా కాక, యంత్రాలు లేకపోవడంగా కనిపించింది.

యంత్రం వస్తే పని రాదా అంటే, వస్తుంది. పెనుకొండ దగ్గర కియా కార్ల కర్మాగారంలో 450కి పైగా రోబోలున్నాయి. వేలమంది మనుషులూ ఉన్నారు. కార్ల తయారీయే లేని కరవు నేలకు ఆ రోబోలు ఎవరి పనీ లాక్కోలేదు, కొత్త పని తెచ్చాయి. కొన్ని పనులకు యంత్రం రావాల్సిందే, నిన్ననే రావాల్సింది. హైదరాబాద్ జలమండలి 2017లో ఇరుకు సందుల్లోకి వెళ్లే మినీ జెట్టింగ్ యంత్రాలు దించింది. మ్యాన్‌హోల్‌లోకి మనిషిని దించే పనిని యంత్రం లాక్కుంటే దాని మీద రూపాయి పన్ను వేయాలన్నవాడిని ఆ మ్యాన్‌హోల్‌లోకే ఒకసారి దిగమనాలి. కాబట్టి యంత్రమా, మనిషా అన్న ఎంపికను ముందే ఒకవైపు మొగ్గిన త్రాసుతో చేయకూడదన్నదే నా వాదన.

పొలంలో ఇది ఇంకోలా ఉంటుంది. వరికోత మిషన్ గోదావరి జిల్లాల్లోకీ తెలంగాణ ఆయకట్టులోకీ వచ్చింది పన్ను రాయితీ చూసి కాదు. కోతల వేళకు కూలీలు దొరక్క, తుపాను ముంచుకొస్తుంటే చేను నేలపాలవుతుందన్న భయంతో వచ్చింది. వడ్ల మీద రైతు జీఎస్టీ వసూలు చేయడు కాబట్టి యంత్రం మీద కట్టిన జీఎస్టీ అతనికి వెనక్కి రాదు, ఖర్చులోనే కలిసిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి ట్రాక్టర్లు, కోత యంత్రాల మీద రేటును 12 నుంచి 5 శాతానికి తగ్గించడం రైతుకు మేలే. దానికి అభ్యంతరం లేదు. అయితే కోతలకు ముఠాలుగా వెళ్లిన ఆడవాళ్లు ఎక్కడికి వెళ్లారో, ఏ పనిలో కుదురుకున్నారో ఏ బడ్జెట్ పుస్తకంలోనూ ఒక పద్దు కనిపించదు. యంత్రం పద్దు కనిపిస్తుంది.

మనిషికి పన్ను చట్టంలో ఏమీ లేదని కాదు. 80జేజేఏఏ అనే సెక్షన్ ఉంది. పేరు పలకడానికే కష్టం, వాడుకోవడానికి ఇంకా కష్టం. కొత్తగా చేర్చుకున్న ఉద్యోగుల జీతాల్లో 30 శాతాన్ని మూడేళ్ల పాటు అదనంగా ఖర్చు కింద చూపించుకోనిస్తుంది. నెలకు 20 వేల చొప్పున వందమందిని కొత్తగా చేర్చుకున్న కంపెనీ సంగతి చూద్దాం. ఏడాది జీతాలు 2.4 కోట్లు, అందులో 30 శాతం 72 లక్షలు. 25.17 శాతం పన్ను చొప్పున మిగిలేది 18 లక్షల పైచిలుకు. ఒక్కో మనిషికి నెలకు దాదాపు 1,510 రూపాయలు. ఫరవాలేదనిపించే మొత్తమే. 2019 సెప్టెంబరులో కంపెనీ పన్నును 22 శాతానికి దించినప్పుడు, ఆ తక్కువ రేటు ఎంచుకున్నవారికి అదనపు తరుగుదల, 32ఏడీ భత్యం లేవన్నారు. ఈ ఉద్యోగ రాయితీని మాత్రం ఉంచారు. ఆ ఒక్క నిర్ణయం త్రాసును కొంత సరిచేసింది. ఎవరూ మెచ్చుకోలేదు కాబట్టి ఇక్కడైనా మెచ్చుకుందాం.

కానీ షరతుల చిట్టా చూడండి. ఉద్యోగి జీతం నెలకు 25 వేలు దాటకూడదు. ఒక్క రూపాయి దాటినా మొత్తం రాయితీ పోతుంది. ఏడాదిలో 240 రోజులు పనిచేసి ఉండాలి. దుస్తులు, చెప్పులు, తోలు పరిశ్రమల్లో అయితే 150. పీఎఫ్ ఉండాలి. మొత్తం ఉద్యోగుల సంఖ్య పెరగాలి. వెళ్లిపోయిన వాళ్ల స్థానంలో పెట్టుకుంటే లెక్కలోకి రాదు. చార్టర్డ్ అకౌంటెంట్ ధ్రువపత్రం కావాలి. అన్నీ సరిపోయినా కంపెనీకి లాభం ఉంటేనే ప్రయోజనం. కొత్తగా మొదలై ఇంకా నష్టాల్లో ఉన్న చిన్న సంస్థ, మనుషులను ఎక్కువగా చేర్చుకునే దశలోనే, దీన్ని వాడుకోలేదు. యంత్రం తరుగుదలకు ఆ బాధ లేదు. ఈ ఏడాది లాభం లేకపోతే ఎన్నేళ్లయినా ముందుకు తీసుకెళ్లవచ్చు. మనిషి రాయితీకి ఆ సౌకర్యం కూడా లేదు.

సెక్షన్‌తో పని జరగదని తెలిసే కాబోలు, ప్రభుత్వం స్కీములు పెడుతూ వస్తోంది. 2016లో ఒకటి, కరోనా ఏడాది ఒకటి, 2025లో ప్రధానమంత్రి వికసిత్ భారత్ రోజ్‌గార్ యోజన. దీనికి కేటాయింపు 99,446 కోట్లు. తొలిసారి ఉద్యోగంలో చేరినవారికి 15 వేల దాకా, యజమానికి ఒక్కో కొత్త ఉద్యోగి మీద నెలకు 3 వేల దాకా రెండేళ్లు, ఉత్పత్తి రంగంలో నాలుగేళ్లు. లాభంతో ముడిపెట్టలేదు, పీఎఫ్ చిట్టా ఆధారంగా ఇస్తారు. పద్ధతి సరైనది. ఎటొచ్చీ అది 2025 ఆగస్టు 1 నుంచి 2027 జూలై 31 లోపు పుట్టిన ఉద్యోగాలకే. యంత్రం తరుగుదలకు చట్టంలో శాశ్వత చోటు. మనిషికేమో షరతులతో కట్టేసిన ఒక సెక్షన్, గడువు తీరే ఒక స్కీము. పదేళ్లకు ప్రణాళిక వేసుకునే యజమాని దేన్ని నమ్ముకుంటాడు?

ఇదంతా ఫ్యాక్టరీ యంత్రం సంగతి. అసలు మార్పు వస్తున్నది మాదాపూర్, గచ్చిబౌలి వైపు నుంచి. అక్కడ యంత్రం కొనరు, అద్దెకు తెచ్చుకుంటారు. కస్టమర్ ఫిర్యాదులకు జవాబిచ్చే, కోడ్ రాసే కృత్రిమ మేధకు నెలవారీ చందా కడతారు. ఆ చందాకు తరుగుదల ఊసే లేదు, జీతం లాగే కట్టిన ఏడాదే మొత్తం ఖర్చు. దాని మీద కట్టిన 18 శాతం జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగొస్తుంది. పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, ప్రసూతి సెలవు లేదు, నోటీసు పీరియడ్ లేదు. జీతానికున్న పన్ను సౌకర్యమంతా దానికుంది, జీతంతో వచ్చే బాధ్యత ఒక్కటీ లేదు. విదేశీ డిజిటల్ కంపెనీల ఆదాయం మీద 2016లో, 2020లో వేసిన ఈక్వలైజేషన్ లెవీలను కూడా ఒకదాన్ని 2024 ఆగస్టులో, మరొకదాన్ని 2025 ఏప్రిల్‌లో ఎత్తేశారు. రోబో పన్ను వేయమనేవారు ఈ అద్దె మేధను ఏ గుమ్మం దగ్గర ఆపుతారో చెప్పాలి.

విశాఖ సంగతి తీసుకోండి. 2025 ఏప్రిల్‌లో టీసీఎస్‌కు 21.16 ఎకరాలు 99 పైసలకు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం చెప్పిన లెక్క 12 వేల ఉద్యోగాలు. మూడు నెలలు తిరిగేసరికి అదే సంస్థ తన సిబ్బందిలో 2 శాతాన్ని, అంటే ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 వేలమందిని తగ్గించుకుంటానంది. అది కృత్రిమ మేధ వల్ల కాదని, నైపుణ్యాలు సరిపోలకపోవడం వల్లనని సంస్థ అధిపతి అన్నారు. కారణం ఏదైనా, ఉద్యోగాల హామీ మీద భూమి ఇవ్వడంలో కనీసం అడగడానికి ఒక సంఖ్య ఉంది. అక్టోబరులో గూగుల్ ప్రకటించిన 1,500 కోట్ల డాలర్ల కృత్రిమ మేధ కేంద్రం రకం వేరు. డేటా సెంటర్ అంటే ప్రధానంగా కరెంటు, నీరు, సర్వర్లు. కట్టేటప్పుడు చేతినిండా పని, నడిపేటప్పుడు పెట్టుబడితో పోల్చితే కొద్దిమందే. అలాంటివి రావద్దనను. కానీ రాష్ట్రాల పారిశ్రామిక విధానాల్లో రాయితీకి ప్రధాన కొలత ఇప్పటికీ స్థిర మూలధన పెట్టుబడే. ఎన్ని కోట్లు పెట్టారన్నదాన్ని బట్టి సబ్సిడీ, కరెంటు రాయితీ, జీఎస్టీ వాపసు. ఆ కొలబద్దతో కొలిస్తే వెయ్యిమంది ఆడవాళ్లు కుట్టుమిషన్ల ముందు కూర్చునే ఫ్యాక్టరీ, సర్వర్ల గది ముందు ఎప్పుడూ పొట్టిదే.

ఈ విషయంలో ప్రభుత్వాలకు స్వార్థమైనా ఉండాలి. 2025-26 కేంద్ర బడ్జెట్ అంచనాల్లో వ్యక్తిగత ఆదాయపు పన్ను 14.38 లక్షల కోట్లు, కంపెనీల పన్ను 10.82 లక్షల కోట్లు. ఖజానాను నింపేవారిలో జీతగాళ్ల పాత్ర పెద్దది. కొత్త పద్ధతిలో ఏడాదికి 24 లక్షలు దాటిన జీతంలో ప్రతి రూపాయికీ 30 పైసలు పన్ను. అదే మనిషి షేర్లు ఏడాది దాటి ఉంచుకుని అమ్మితే, లాభంలో 1.25 లక్షలు పోను మిగతాదానిపై రూపాయికి పన్నెండున్నర పైసలు. కంపెనీ దగ్గర ఒకసారి పన్ను కట్టేశాక వచ్చే లాభం కదా అని ఆర్థికవేత్తలు సమాధానం చెబుతారు. అందులో నిజం ఉంది. అయినా ఆదాయం జీతం నుంచి లాభం వైపు జరిగేకొద్దీ ఖజానా చేతికి తక్కువ అందుతుందన్నదీ నిజమే. పోయిన ఉద్యోగంతో పాటు టీడీఎస్ పోతుంది, పీఎఫ్ చలానా పోతుంది, ఆ జీతంతో కొనే వస్తువు మీద జీఎస్టీ పోతుంది. ఉద్యోగం తీసేయడానికి రాయితీ ఇచ్చిన ప్రభుత్వం రెండుసార్లు నష్టపోతుంది.

మరి చేయాల్సిందేమిటంటే, యంత్రానికి తరుగుదల ఎంత వేగంగా ఇచ్చినా ఫరవాలేదు, నూరు శాతం దాటనివ్వకూడదు. మళ్లీ ఏ వెనుకబడిన జిల్లాకైనా ప్రత్యేక ప్రోత్సాహం ఇవ్వాల్సి వస్తే దాన్ని యంత్రం ఖరీదుతో కాక పీఎఫ్ చిట్టాలోని జీతాల మొత్తంతో కొలవాలి. ఫ్యాక్టరీ ఎక్కడుందో, అందులో ఎవరు ఏ నెల ఎంత జీతం తీసుకున్నారో ప్రభుత్వం దగ్గర ఇప్పుడు నెలనెలా వివరం ఉంది. 1953 నాటి మిల్లు సుంకానికి ఆ సౌలభ్యం లేదు. ఉద్యోగ రాయితీని లాభంతో విడదీసి, నష్టాల్లో ఉన్న చిన్న సంస్థకూ అందేలా పీఎఫ్ చలానాలోనే సర్దుబాటు చేయాలి. తక్కువ జీతగాళ్ల పీఎఫ్‌లో యజమాని వాటాను కొంత బడ్జెట్ నుంచి భరించడాన్ని రెండేళ్ల పథకంగా కాక శాశ్వత ఏర్పాటుగా మార్చాలి. కార్మికుడి ఖాతాలో పడేదాంట్లో పైసా తగ్గకూడదు, కట్టే చెయ్యి మాత్రమే మారాలి. డబ్బెక్కడిదంటే, పైన చెప్పిన పన్నెండున్నర పైసల దగ్గర వెతకవచ్చు.

వీటిలో కొన్నింటికి ఢిల్లీ కదలాలి. రాయితీల కొలబద్ద మార్చడానికి మాత్రం అమరావతి, హైదరాబాద్ ఎవరి అనుమతీ అడగనక్కర్లేదు, ఒక జీవో చాలు.

ఆరు దశాబ్దాల పాత చట్టాన్ని పక్కనపెట్టి, 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేలా కొత్త ఆదాయపు పన్ను చట్టం రాశారు. భాష సులువైంది, సెక్షన్ల అంకెలు మారాయి. కొత్త ఉద్యోగికి నెలకు 25 వేలు అన్న 2016 నాటి పరిమితి మాత్రం అలాగే ఉంది.